శాసనసభ కోర్టుకి పగ్గం వేయొచ్చా?

శివారు రైతు, పాలకొల్లు:
చట్టం రాజ్యాంగానికి విరుద్ధంగా ఉంటే కొట్టేసే అధికారం కోర్టుకుంది. దాన్ని శాసనసభ తగ్గించాలంటున్నారు కొందరు. నేనొప్పుకోనండి. మా చేను కాలవ శివార్న ఉంది. దాళ్వాకి వంతులవారీ నీళ్లు. ఎగువన వంద మంది రైతులు, దిగువన మేం పన్నెండు మందిమి. తూము ఎత్తాలా దించాలా అని చేతులెత్తించి తేలిస్తే మార్చికల్లా మా మడిలో నెర్రెలే. వంతు తప్పితే అడిగేవాడు ఒకడుండాలి కదండీ.

కౌలుదారు కొడుకు, ముమ్మిడివరం:
ఆ అడిగేవాడు ఎప్పుడూ శివారు వైపే ఉన్నాడా అన్నయ్యా? 1951లో బీహార్ భూసంస్కరణల చట్టాన్ని పాట్నా హైకోర్టు కొట్టేసింది, సమానత్వ హక్కు పేరు చెప్పి! అందుకే కదా ఆ ఏడే పార్లమెంటు రాజ్యాంగానికి మొదటి సవరణతో తొమ్మిదో షెడ్యూలు పెట్టి, అందులో చేర్చిన చట్టాల జోలికి కోర్టులు రాకుండా చేసింది. మన 1973 భూపరిమితి చట్టం మరుసటేడే 34వ సవరణతో అందులోకెక్కింది. మిగులు భూమిలో మా తాతకొచ్చిన ఎనభై సెంట్ల పట్టా ఇప్పటికీ ట్రంకుపెట్టెలో కలరా ఉండల వాసనేస్తూ ఉంది.

ప్లీడరు గుమస్తా, రాజమండ్రి:
తమ్ముడూ, ఆ షెడ్యూలు 13 చట్టాలతో మొదలై 284కి చేరింది. అన్నీ పేదోడి భూమి కోసమేం కాదు. అందుకే 24 ఏప్రిల్ 1973 తర్వాత చేర్చినవాటిని పరిశీలిస్తామని 2007లో సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు తేల్చారు.

అసలు కోర్టుకి కత్తెరేస్తే ఏమవుతుందో మన రాష్ట్రమే చూసింది. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద ప్రభుత్వ ఉద్యోగుల గొడవలకి ట్రిబ్యునల్ పెట్టి, హైకోర్టు దారి మూసేశారు. పైగా ట్రిబ్యునల్ ఉత్తర్వుని ప్రభుత్వం మార్చొచ్చు, రద్దూ చెయ్యొచ్చని ఓ క్లాజు పెట్టారు. ప్రతివాది ప్రభుత్వమే, తీర్పు చెరిపేదీ ప్రభుత్వమే! సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు ఆ క్లాజుని కొట్టేసింది. రాజ్యాంగంలో రాసుకున్నదే అయినా సరే.

కౌలుదారు కొడుకు:
ఆయ్, అది అన్యాయమే. మరి 2023 భూ హక్కుల చట్టం? సివిల్ కోర్టు గడప తొక్కనివ్వని ఆ చట్టాన్ని 2024లో రద్దు చేసింది కోర్టు కాదు, శాసనసభే.

శివారు రైతు:
ప్రభుత్వం మారింది కాబట్టి చేశారయ్యా. మారకపోయుంటే? ఐదేళ్లకోసారి తూము తాళం చేతులు మారుతుందని వరి ఆగదు. సరే, రేపు తెల్లారగట్ల మా వంతు. గట్టు మీద కాపలాకి పోవాలి, ఎల్లుండి రాస్తా.