స్కూబా డైవింగ్‌కి సొంతంగా కొనాలంటే జాకెట్టా, ప్లేటూ వింగా? స్టీలా, అల్యూమినియమా?

వంశధార_కెరటం:
అందరికీ నమస్కారం. మాది కళింగపట్నం దగ్గర పల్లె, ఉద్యోగం శ్రీకాకుళంలో. మూడేళ్ళలో 31 స్కూబా డైవ్‌లు అయ్యాయి. ఎక్కువ రుషికొండలో, ఒకసారి కర్ణాటకలో నేత్రాణి, రెండుసార్లు అండమాన్ స్వరాజ్ ద్వీప్. ఇంతవరకూ అన్నీ అద్దె జాకెట్లే, అంటే సిలిండర్‌ని వీపున పట్టుకుని, తేలడానికి గాలి నింపుకునేవి. ప్రతిసారీ ఒకటే గొడవ. నీటిపైన గాలి నింపగానే జాకెట్టు చెవుల దాకా ఎక్కిపోతుంది, పక్కటెముకలు పట్టేసి ఊపిరి సరిగ్గా ఆడదు, కిందికి దిగాక కాళ్ళు వేలాడిపోయి ఇసుక లేపుకుంటూ పోతుంటాను. పోయిన నెల నా వెనక వచ్చినాయనకి ఆ దుమ్ములో ఏమీ కనపడలేదట. పైకొచ్చాక మర్యాదగానే చెప్పాడు కానీ నాకు చాలా బాధేసింది.

అందుకే బ్యాక్‌ప్లేటూ వింగూ కొందామని చూస్తున్నా. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా: వీపుకి ఒక లోహపు పలక, దానికి ఒకే పొడవాటి నైలాన్ పట్టీతో కట్టిన హార్నెస్, పలకకీ సిలిండర్‌కీ మధ్యలో గాలితిత్తి, దాన్నే వింగ్ అంటారు. గాలంతా వెనకే ఉంటుంది, ఛాతీ చుట్టూ ఏమీ ఉండదు. నాది 5 అడుగుల 6 అంగుళాలు, 68 కిలోలు, 3 మిల్లీమీటర్ల వెట్‌సూట్ (ఒంటికి అంటుకునే రబ్బరు సూట్), మునగడానికి కట్టుకునే 8 కిలోల సీసం బెల్ట్. ఏడాదికి పదీ పన్నెండు డైవ్‌లు చేసేవాడికి ఇది అవసరమా? తీసుకుంటే స్టీలా, అల్యూమినియమా? వింగ్ ఎంత సైజు?

బారువ_బావ:
తీసుకో తమ్ముడూ, ఆలోచించకు. స్టీలే తీసుకో.

నేను ఆరేళ్ళు జాకెట్టు వేశాను, నాలుగేళ్ళుగా ప్లేటు. మళ్ళీ జాకెట్టు ముఖం చూడలేదు. నీ కాళ్ళు ఎందుకు వేలాడుతున్నాయంటే 8 కిలోల సీసం నడుము దగ్గర కట్టుకుంటున్నావు, గాలేమో ఊపిరితిత్తుల్లో, అంటే పైన ఉంది. ఒక కొన తేలుతోంది, ఒక కొన మునుగుతోంది. స్టీలు ప్లేటు రెండున్నర కిలోల దాకా ఉంటుంది, ఆ బరువు సరిగ్గా ఊపిరితిత్తుల వెనకే కూర్చుంటుంది. నడుము మీద అంత సీసం తగ్గుతుంది, కాళ్ళు వాటంతట అవే లేస్తాయి.

ఇంకోటి, పాడవ్వడానికి ఇందులో ఏముంది? ఒక పలక, ఒక పట్టీ, సామాను తగిలించుకునే ఐదు డీ-రింగులు, ఒక బకిల్. పట్టీ పాతబడితే మార్చుకో. తిత్తికి చిల్లుపడితే తిత్తి ఒక్కటే మార్చుకో. జాకెట్టయితే ఒక ప్లాస్టిక్ బకిల్ విరిగినా దాని కోసం ఊళ్ళు తిరగాలి. కొలత కూడా నీ ఒంటికి నువ్వే కోసుకుంటావు కాబట్టి మీడియమా లార్జా అనే ప్రశ్నే లేదు.

పూసపాటిరేగ_నీటిమనిషి:
బారువ బావగారి మాట కొట్టిపారెయ్యను కానీ ముందు నాకు ఒకటి చెప్పండి. 68 కిలోల మనిషికి, 3 మిల్లీమీటర్ల సూట్‌లో, మన బంగాళాఖాతం లాంటి వేడి నీళ్ళలో 8 కిలోల బరువెందుకు? అది ఎవరు కట్టారు మీకు?

నేను డైవర్లని తీసుకెళ్ళే పనిలో చాలాకాలం ఉన్నాను, అందుకే అడుగుతున్నా. కొత్తవాళ్ళు టెన్షన్‌లో ఊపిరి బిగబట్టి మునగలేకపోతారు, బోటు మీద ఉన్నవాళ్ళకి తొందర, రెండు ముక్కలు ఎక్కువ గుచ్చి పంపేస్తారు. ఆ అంకె మనిషి బుర్రలో అలా ఉండిపోతుంది. 4 కిలోలు అనవసరంగా మోస్తున్నారనుకోండి, ఆ బరువుని నిలబెట్టడానికి జాకెట్టులో 4 లీటర్ల గాలి అదనంగా ఉండాలి. 10 మీటర్ల లోతులో ఉన్న ఆ 4 లీటర్లు పైకొచ్చేసరికి 8 లీటర్లు అవుతుంది. మీరు కిందికీ మీదికీ ఊగడం, గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ బటన్ నొక్కుతూనే ఉండడం, కాళ్ళు వేలాడడం, నీటిపైన పక్కటెముకలు పట్టెయ్యడం, సగం దీనివల్లే. ప్లేటు కొన్నా 8 కిలోలే కట్టుకుంటే ఇసుక లేస్తూనే ఉంటుంది.

ఏడాదికి పది డైవ్‌లకి నా ఓటు జాకెట్టుకే. జేబులుంటాయి, వెయిట్లు లాగి పారెయ్యొచ్చు, నీటిపైన తల పైకి నిలబెడుతుంది. వింగ్‌లో గాలి ఎక్కువ నింపితే ముఖాన్ని నీళ్ళలోకి తోస్తుంది, అలల్లో బోటు కోసం ఇరవై నిమిషాలు ఎదురుచూసే మనిషికి అది చిన్న విషయం కాదు.

బారువ_బావ:
ముఖాన్ని తోసేది ఎక్కువ నింపినప్పుడే. గడ్డం నీటిపైన ఉండేంత వరకే నింపి, కొంచెం వెనక్కి వాలితే కుర్చీలో కూర్చున్నట్టే ఉంటుంది. నీటిపైకి రాగానే టపటపా నింపేసే అలవాటు జాకెట్టు నేర్పింది, ప్లేటు తప్పు కాదు. 8 కిలోల గురించి మీరన్నది మాత్రం నిజం, నేను ఆ అంకె పట్టించుకోకుండానే రాసేశాను.

గంటస్తంభం_అక్క:
నేను విజయనగరం. నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. మగవాళ్ళు చర్చలో ఒంటి కొలతల గురించి అసలు మాట్లాడరు కాబట్టి నేను రాస్తున్నా.

మామూలు ప్లేటు నాకు పొడవు. కింది అంచు తుంటి మీద గుచ్చుకుంటుంది, పై అంచు తల ఎత్తితే వెనక తగులుతుంది. పొట్టివాళ్ళకి చిన్న ప్లేట్లు వేరే దొరుకుతాయి, అవి వేసుకుని చూశాకే నాకు ఈ సరంజామా నచ్చింది. కానీ హార్నెస్ సరిచేసుకోవడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది తమ్ముడూ. ఇంట్లో వెట్‌సూట్ వేసుకుని నిలబడి చూసుకోవాలి. ప్లేటు పై అంచు మెడ కింద ఎముక పొడుచుకొస్తుందే, అక్కడికి రావాలి. భుజం పట్టీ కింద అరచెయ్యి బల్లపరుపుగా దూరాలి, పిడికిలి దూరితే వదులు. చెయ్యి వెనక్కి పెట్టి సిలిండర్ వాల్వ్ అందుకోగలగాలి. తొడల మధ్య నుంచి వచ్చే పట్టీ మరీ బిగిస్తే నడవలేం, వదులైతే ప్లేటు మెడ మీదికి జారుతుంది. నీ జాకెట్టు చెవుల దాకా ఎక్కేది ఆ పట్టీ లేకపోవడం వల్లే. చాలామంది భుజాలు బాగా బిగించేసి, తర్వాత విప్పుకోలేక హార్నెస్‌ని తిడతారు. భుజాలు కొంచెం వదులుగా ఉండాలి, నడుము పట్టీయే దాన్ని పట్టుకోవాలి.

ఇంకో చిన్న మాట. సిలిండర్‌ని పట్టే బెల్టులు ముందు తడపండి, తర్వాత బిగించండి. పొడి నైలాన్ నీళ్ళలో సాగుతుంది. నేత్రాణిలో నా సిలిండర్ నీళ్ళలోనే జారి నడుము కిందికి వచ్చేసింది, పక్కవాళ్ళు చూసి పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది.

భావనపాడు_తెప్ప:
మా ఇంట్లో అందరూ వేటకెళ్ళేవాళ్ళే, నేనొక్కడినే సిలిండర్ పెట్టుకుని దిగుతాను. మీరంతా రుషికొండ, అండమాన్ లెక్కలు చెప్తున్నారు. మన జిల్లా ఒడ్డున దిగేవాడి సంగతి కూడా చూడండి.

ఒకటి, ఇక్కడ చాలాచోట్ల జెట్టీ ఉండదు. ఫైబర్ బోటు ఒడ్డు నుంచే కెరటాల్లోకి తోసుకుని పోవాలి. తిరిగి ఎక్కేటప్పుడు నిచ్చెన ఉండదు. నీళ్ళలోనే మొత్తం విప్పి బోటువాడి చేతికి అందించి, అంచు పట్టుకుని పైకి లేవాలి. జాకెట్టయితే రెండు బకిల్స్ నొక్కితే వదులైపోతుంది. ఒకే పట్టీ హార్నెస్‌లోంచి ఎడమ మోచెయ్యి ముందు బయటికి తీయాలి, కెరటం కొడుతుంటే అది తెలియనివాడికి నరకం. ఒడ్డున పదిసార్లు కళ్ళు మూసుకుని విప్పడం రాకపోతే దిగొద్దు. పక్కవాడికి స్పృహ తప్పితే ఆ పట్టీ కోసెయ్యాలి, అందుకని కత్తెర నడుముకి ఎడమపక్కన ఉండాలి, రెండు చేతులకీ అందేలా.

రెండోది వలలు. తెగిపోయిన నైలాన్ వల నీళ్ళలో కనపడదు. బారువ దగ్గర మునిగిన పాత స్టీమరు లాంటి చోట అయితే ఇనుముకి చుట్టుకుని ఉంటుంది. వేలాడే గొట్టాలు, తగిలించుకున్న సామాను, జేబుల అంచులు, ప్రతిదీ వలకి కొక్కెమే. ఈ విషయంలో మాత్రం ప్లేటుకే నా ఓటు, ఎందుకంటే దాని మీద ఏమీ వేలాడదు. వర్షాకాలంలో వంశధార, నాగావళి నుంచి ఎర్రనీళ్ళు దిగినప్పుడు చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. అప్పుడు ఏ సరంజామా ఉన్నా దిగకండి.

వంశధార_కెరటం:
అందరికీ చాలా థ్యాంక్స్. పూసపాటిరేగ గారూ, మీ ప్రశ్న రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. నిన్న ఆదివారం రుషికొండలో అడిగి మరీ చూసుకున్నాను. డైవ్ చివర సిలిండర్‌లో గాలి పీడనం 50 బార్ మిగిలాక, 5 మీటర్ల దగ్గర జాకెట్టులో గాలి పూర్తిగా వదిలేసి, మామూలుగా ఊపిరి తీస్తూ, పక్కన ఉన్నాయన చేతికి ఒక్కో ముక్కా ఇచ్చుకుంటూ వచ్చాను. 8 నుంచి 6. 6 నుంచి 5. 4 కిలోలకి వచ్చాక ఊపిరి పీలిస్తే కొంచెం లేచాను, వదిలితే కొంచెం దిగాను. ఇంకేమీ కదల్లేదు. అంతవరకూ నేను ఎప్పుడూ నీళ్ళలో అలా ఆగలేదు. చెయ్యి ఊపకుండా, కాలు ఊపకుండా ఒక నిమిషం అలాగే ఉండిపోయాను. మూడేళ్ళు సగం బరువు ఊరికే మోశానన్నమాట.

మరి 4 కిలోలైతే ఇప్పుడు స్టీలా, అల్యూమినియమా?

పూసపాటిరేగ_నీటిమనిషి:
శభాష్. ఇప్పుడు లెక్క వెయ్యొచ్చు.

అద్దె జాకెట్టు మెత్తలే అర కిలో దాకా తేలుతాయి. ప్లేటుకి ఆ మెత్తలు ఉండవు కాబట్టి మీకు కావలసింది మూడున్నర అనుకుందాం. రెండున్నర కిలోల స్టీలు ప్లేటు నీళ్ళలో సుమారు 2.2 కిలోలు తూగుతుంది. మిగిలేది 1.3 కిలోల సీసం. అల్యూమినియం ప్లేటు బయట 900 గ్రాములు, నీళ్ళలో అర కిలో పైచిలుకు మాత్రమే, అంటే 3 కిలోల సీసం బెల్టు మీదే ఉంటుంది.

ఇప్పుడు చెడ్డరోజు ఊహించుకోండి. డైవ్ మొదట్లోనే 18 మీటర్ల దగ్గర వింగ్ చిరిగింది. 50 బార్ దగ్గర సరిగ్గా తూగిన మనిషి 200 బార్ దగ్గర 2 కిలోలు బరువుంటాడు, ఎందుకంటే మన అల్యూమినియం సిలిండర్‌లో 150 బార్ గాలి బరువు అంతే. లోతులో సూట్ నలిగి తేలే గుణం తగ్గుతుంది, అది ఇంకో కిలో. మొత్తం 3. స్టీలు వాడితే 1.3 విప్పి పారేస్తే ఇంకా 1.7 కిలోలు కాళ్ళ ఫిన్స్‌తో ఈదుకుంటూ పైకి లాగాలి. అల్యూమినియం వాడితే బెల్టు వదలగానే సమానం అయిపోతారు. అందుకే నేను స్టీలు వద్దంటాను.

బారువ_బావ:
లెక్క బాగుంది, కానీ సగమే వేశారు. అదే మనిషి డైవ్ చివర, సిలిండర్ ఖాళీ అయ్యాక, కంగారులో 3 కిలోల బెల్టు వదిలేస్తే? 3 కిలోలు తేలుతూ రాకెట్‌లా పైకి పోతాడు, ఆపేది ఏదీ ఉండదు. బకిల్ దానంతట అది ఊడి బెల్టు జారిపోయినా అంతే, నేను ఒకసారి కళ్ళారా చూశాను. ప్లేటు ఎక్కడికీ జారదు. 1.7 కిలోలు ఈదడం ఆరోగ్యంగా ఉన్న మనిషికి కష్టమేమీ కాదు, తమ్ముడు ఈతకొలనులో ఒక రెండు కిలోల ముక్క పట్టుకుని ఈది చూసుకోవచ్చు.

పూసపాటిరేగ_నీటిమనిషి:
రెండూ ప్రమాదమే, ఒప్పుకుంటాను. అయినా నా మాట మార్చుకోను. పైకి రాలేకపోవడం కంటే తొందరగా రావడాన్ని నేను ఎంచుకుంటాను. ఆ మూడు కిలోలు కూడా ఒకేచోట కాకుండా బెల్టు మీద రెండు, పై సిలిండర్ బెల్టుకి ఒకటి గుచ్చితే మీ భయమూ తగ్గుతుంది, కాళ్ళూ లేస్తాయి. అండమాన్ వెళ్ళేవాడికి ఇంకో లాభం, విమానంలో 15 కిలోల లగేజీలో స్టీలు రెండున్నర తినేస్తుంది. సీసం అక్కడ ఎలాగూ ఇస్తారు.

వింగ్ సైజు మీద మాత్రం వాదనే లేదు. పైన చెప్పిన 3 కిలోలు నిలబెట్టాలి, మీరు విప్పేసినా సరంజామా నీటిపైన దానంతట అది తేలాలి. ఒక సిలిండర్‌కి 11 నుంచి 14 కిలోల లిఫ్ట్ (తేల్చే శక్తి) ఉన్న వింగ్ సరిపోయి మిగులుతుంది. రెండు సిలిండర్ల కోసం చేసిన పెద్ద వింగ్ ఎవరైనా చవగ్గా ఇస్తానంటే తీసుకోకండి. ఒక్క సిలిండర్ చుట్టూ దోసెలా మడుచుకుంటుంది, లోపల గాలి ఇరుక్కుని వదల్దు.

భావనపాడు_తెప్ప:
వైజాగ్‌లో ఫ్యాబ్రికేషన్ షాపుల్లో ప్లేటు కోయిస్తామని కొందరు అంటుంటారు. కోయిస్తే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అడగండి. 304 రకాన్ని మన ఉప్పునీరు చుక్కచుక్కలుగా తినేస్తుంది. సిలిండర్ బోల్టు రంధ్రాల మధ్య దూరం 11 అంగుళాలు ఉండాలి, లేకపోతే బయట కొన్న ఏ వింగూ కూర్చోదు. అంచులు బాగా రాయించండి, పదునుగా వదిలేస్తే నాలుగు డైవ్‌లకి పట్టీ తెగుతుంది.

గంటస్తంభం_అక్క:
తిత్తి లోపల కూడా మంచినీళ్ళు పోసి కడగాలి, అది ఎవరూ చెప్పలేదు. ఇన్‌ఫ్లేటర్ గొట్టంలోంచి ఒక లీటరు పోసి, గాలి ఊది, అటూ ఇటూ ఊపి, కింది వాల్వ్ నేలవైపు ఉండేలా పట్టుకుని దాన్ని తీస్తే ఉప్పునీళ్ళు వస్తాయి. నేను మొదటిసారి కడిగినప్పుడు గ్లాసుడు ఇసుకనీళ్ళు వచ్చాయి.

వంశధార_కెరటం:
అల్యూమినియం ప్లేటు, 13 కిలోల వింగ్ అనుకుంటున్నాను. అయినా బారువ అన్నా, మీ మాట మనసులోంచి పోవట్లేదు. డబ్బు పెట్టే ముందు మీ స్టీలు ప్లేటు ఒక డైవ్‌కి ఇస్తారా? ఒంటి కొలతకి పట్టీ సర్దుకోవడం, విప్పడం కూడా మీ దగ్గరే నేర్చుకుంటాను.

బారువ_బావ:
ఈ ఆదివారం రా. పొద్దున్న ఆరుకల్లా ఒడ్డున ఉండు, ఎండెక్కితే కెరటం పెరుగుతుంది. ముందు ఇసుకలో పదిసార్లు విప్పిస్తాను, తర్వాతే నీళ్ళు. వెట్‌సూట్ నీదే తెచ్చుకో, నాది నీకు పట్టదు.