‘దిక్సూచి’లో ఉన్నది సూదా, సూచనా?

మా అమ్మాయి సైన్సు పుస్తకం చదువుతూ అడిగింది: దిక్సూచి అంటే దిక్కును సూచించేదా, దిక్కు చూపే సూదా? సూచించేదే అని చెప్పేశాను. తర్వాత అనుమానం వచ్చింది. సంస్కృతంలో ‘సూచి’ అంటే సూదే, మన ‘సూది’ దాని వికృతి. విగ్రహవాక్యం ఎలా చెప్పాలి?

— రెండూ చెల్లుతాయి. నాకు మాత్రం ఇలాంటి మాటల్లో అయస్కాంతానికి మనవాళ్ళు పెట్టిన ‘సూదంటురాయి’ ఇష్టం. అయస్కాంతం అంటే ఇనుముకు ప్రియమైనది. పాతకాలపు చైనావాళ్ళు కూడా దాన్ని ‘ప్రేమగల రాయి’ అన్నారు. మనవాళ్ళు ప్రేమ జోలికి పోలేదు, సూది అంటుకుంటుంది, అంతే! దిక్సూచి కూడా ఉత్తర దిక్కు తనవైపు లాగే సూదే కదా, దానికి సూది అర్థమే సరి.

— ‘లాగే’ దగ్గర ఒక్క క్షణం ఆగండి. లండన్‌లో రాబర్ట్ నార్మన్ అని, నావికుడిగా తిరిగి వచ్చి దిక్సూచులు చేసుకుంటూ బతికినాయన ఉండేవాడు. ఎంత సమంగా నిలిపిన సూది అయినా సూదంటురాయికి రుద్దగానే ఉత్తరపు కొన కిందికి వాలేది. ఆ కొనను కాస్త కత్తిరించి సరిచేసేవాడు. ఒకసారి కత్తిరింపు ఎక్కువై, కష్టపడి చేసిన సూది పాడైంది. ఆ కోపంతోనే ఆ వాలు సంగతి తేల్చుకోవడానికి కూర్చున్నాడు. లండన్‌లో అది 71 డిగ్రీల 50 నిమిషాలు అని కొలిచి 1581లో పుస్తకం వేశాడు.

అసలు ముచ్చట బెండుది. ఇనుప తీగను బెండులోకి గుచ్చి, నీళ్ళలో తేలకుండా, అడుక్కి పోకుండా నడిమధ్య నిలిచేలా బెండును చెక్కాడు. తీగను సూదంటురాయికి రుద్ది మళ్ళీ నీళ్ళలో వదిలాడు. అది ఉత్తరానికి తిరిగింది, కిందికి వాలింది, కానీ ఉన్న లోతు నుంచి కదల్లేదు. లాగేది ఉంటే అటు పోవాలి కదా! రుద్దకముందు, రుద్దాక తూచి చూస్తే బరువులోనూ తేడా లేదు. కాబట్టి సూది చూపుతుందే తప్ప దాన్ని ఎవరూ లాగడం లేదన్నాడు. ఇప్పటి లెక్కలో చెప్పాలంటే రెండు కొనల మీదా బలాలు సమానంగా, ఎదురెదురుగా పనిచేస్తాయి. అందుకే తిరుగుతుంది, జరగదు. నా ఓటు ‘దిక్కును సూచించేది’కే.

— ఆ పుస్తకం పేరు ‘ది న్యూ అట్రాక్టివ్’ కదండీ? ఆకర్షణ లేదంటూనే ఆ పేరు పెట్టాడా!

— పెట్టాడు మరి. పేర్ల విషయంలో మనకంటే మెరుగేం కాదు. 1600లో ఇంగ్లండు వైద్యుడు విలియం గిల్బర్ట్ సూదంటురాయిని బంతిలా చెక్కించి, దాని మీద చిన్న సూదులు పెట్టి, భూమే పెద్ద అయస్కాంతమని వాదించినప్పుడు, ఈ వాలును ముందుగా కనిపెట్టింది నార్మనే అని పేరు పెట్టి మరీ రాశాడు.

— ప్రశ్న వేసింది నేనే. అమ్మాయికి బెండు కథ చెప్పాను. సరేనని ఇంకోటి అడిగింది: గడియారంలో, త్రాసులో చూపేదాన్ని ముల్లు అంటాం కదా, దిక్సూచిలో మాత్రం సూది ఎందుకైంది?