వైన్ రుచి పట్టికలో ‘వగరు’ని ‘చేదు’ అని రాయొచ్చా?

అమలాపురం నుంచి:
నాసిక్‌లో ఒక కుటుంబం నడుపుకునే వైనరీకి తెలుగులో రుచి పట్టిక కావాలన్నారండి. ముసాయిదాలో షిరాజ్ అనే ఎర్ర వైన్‌కి ‘నోరు పట్టేసే చేదు’ అని, షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్‌కి ‘చేదు లేనిది’ అని ఉంది. ద్రాక్ష తొక్కల్లో, గింజల్లో ఉండే టానిన్ అనే పదార్థం ఇచ్చేది చేదేనా?

భీమవరం నుంచి:
కాదండి, అది వగరు. ఉగాది పచ్చడిలోనే రెండూ వేరుగా ఉన్నాయి కదా, వేపపువ్వుది చేదు, మామిడి పిందెది వగరు. తాటిముంజెని పైపొర ఒలవకుండా కొరికి చూడండి. నాలుక గరుకెక్కుతుంది, బుగ్గలు చిగుళ్లకి అతుక్కుంటాయి. చేదు నాలుకకి తెలిసే రుచి. వగరు నోరంతా తగిలే స్పర్శ. లాలాజలంలో జారుడునిచ్చే ప్రోటీన్లని టానిన్ పట్టేస్తుంది, అందుకే నోరు పొడారుతుంది. డికాషన్‌లో పాలు పోస్తే వగరు తగ్గేదీ అందుకే, టానిన్ పాలలోని ప్రోటీన్‌ని పట్టుకుంటుంది.

పులుపుతో కూడా కలిపేస్తున్నారు చాలామంది. మింగాక నోట్లో నీళ్లూరితే పులుపు, ఎండిపోతే వగరు.

రాజోలు నుంచి:
షడ్రసాల్లో వగరుకి ‘కషాయం’ అని పేరుంది గానీ పట్టికలో వద్దు. చదివేవాళ్లకి శొంఠి, మిరియాలు గుర్తొస్తాయి. ‘చేదు’ అని రాస్తే సరుకు పాడైందనుకుంటారు, అది ఇంకా అన్యాయం. ఎర్ర వైన్‌కి వగరు లోపం కాదు. రసం తొక్కలు, గింజలతో కలిసి పులుస్తుంది కాబట్టి వగరు దిగుతుంది. తెల్లదానికి ముందే రసం పిండి తొక్క తీసేస్తారు. పిండేటప్పుడు గింజ నలిగితే మాత్రం మొరటు వగరుతో పాటు నిజంగానే చేదూ వస్తుంది. ఆ ఒక్కచోట ‘చేదు’ రాయండి.

పట్టిక కింద ఈ మాటలు కూడా చేర్చండి: ఎర్ర వైన్ 16–18 డిగ్రీల్లో ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పోస్తే వగరు మరీ ఎక్కువగా తెలుస్తుంది. గ్లాసుకి 50 మిల్లీలీటర్లు చాలు. గుక్క గుక్కకీ వగరు పేరుకుపోతుంది, నీళ్లతో పూర్తిగా పోదు. మధ్యలో ఉప్పు, మసాలా లేని బ్రెడ్ ముక్క నమలాలి. తెల్లవి ముందు, ఎర్రవి తర్వాత.

భీమవరం నుంచి:
కార్కు చెడిన సీసాకి ‘దుర్వాసన’ అని రాయకండి, ఏ దుర్వాసనో తెలియదు. మనకి ‘ముక్కిన వాసన’ అనే మాట ఉంది కదా. వానకి తడిసి ముక్కిన ధాన్యం బస్తా మూతి విప్పితే కొట్టే వాసన అదే.

అమలాపురం నుంచి:
మార్చానండి. ‘షిరాజ్: నేరేడుపండు వగరు, మింగాక నాలుక పొడారుతుంది. షెనిన్ బ్లాంక్: పులుపు ముందు, వగరు లేదు.’

రాజోలు నుంచి:
‘లేదు’ తీసేసి ‘బాగా తక్కువ’ అనండి. పిండేటప్పుడు తొక్క నుంచి కొంచెమైనా దిగుతుంది.