బడి బెల్లు 9కి, బస్సు వచ్చేది 9:20కి: ట్రిప్పు టైము మార్పించడం ఎలా?

బడి_కమిటీ_అమ్మ:
మాది తెలంగాణ పల్లె. మండల కేంద్రంలోని జిల్లా పరిషత్ హైస్కూలు 11 కిలోమీటర్లు. మూడు ఊళ్ల పిల్లలు 46 మంది ఒకే పల్లె వెలుగు బస్సులో పోతారు. 2024 జులైలో హైస్కూళ్ల వేళలు 9 నుంచి 4:15కి మారాయి గానీ బస్సు పాత టైముకే నడుస్తోంది. పొద్దున 9:20కి దించుతుంది, సాయంత్రం 5:30కి గానీ తిరుగు బస్సు లేదు. మొదటి పీరియడు రోజూ పోతోంది. డిపోలో "మా ఊరికి బస్సు వేయండి" అని రెండుసార్లు కాగితం ఇచ్చినా కదలిక లేదు. మగపిల్లల పాసుల సంగతి కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

ట్రాఫిక్_సెక్షన్:
అమ్మా, "బస్సు వేయండి" అంటే కొత్త బండి, డ్రైవరు, కండక్టరు కావాలి. అందుకే ఆ కాగితం పక్కన పడుతుంది. ఉన్న ట్రిప్పును 35 నిమిషాలు ముందుకు జరపమని అడగండి.

ముందు ఆ బండి రోజంతా ఎటు తిరుగుతుందో కండక్టరును గానీ బస్టాండు కంట్రోలరును గానీ అడిగి రాసుకోండి. ఉదాహరణకు రాత్రి ఏదో ఊళ్లో నైట్ హాల్టు, 5:50కి బయల్దేరి 7 గంటలకు బస్టాండు, 7:15కి ఇంకో ఊరు, 8:15కి వెనక్కి, 8:30కి మీ రూటు. మీ ట్రిప్పు ముందుకు రావాలంటే దాని ముందున్నది కదలాలి. దారులు రెండు. బస్టాండులో బండి ఆగే సమయం తగ్గించడం ఒకటి, కానీ దాంతో 10 నిమిషాలకు మించి రాదు. రెండోది ట్రిప్పుల వరస మార్చడం, అంటే ముందు మీ ఊరు, తర్వాత ఆ ఊరు. బండి, సిబ్బంది, కిలోమీటర్లు అన్నీ అవే కాబట్టి డిపో మేనేజరుకు ఒప్పుకోవడం తేలిక. అయితే ఆ రెండో ఊరి పిల్లల బడి టైము కనుక్కోకుండా అడగొద్దు. మీ పిల్లలకు దక్కిన పీరియడు వాళ్ల పిల్లలకు పోతే ఏం లాభం? వారం తిరక్కుండానే వాళ్లూ డిపోకు వస్తారు, మార్పు రద్దవుతుంది.

కాగితం హెడ్‌మాస్టరు లెటర్‌హెడ్ మీద ఒకే పేజీ ఉండాలి. ఏ స్టేజిలో ఎంతమంది ఎక్కుతారు, అందులో ఆడపిల్లలు ఎందరు, పొద్దున 8:45 లోపు చేరాలి, సాయంత్రం 4:30 తర్వాత బయల్దేరాలి. పంచాయతీ తీర్మానం జతచేసి, ఒక కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. షెడ్యూళ్లు మార్చేది ఎక్కువగా బడులు తెరిచే ముందు, కాబట్టి మే నెలలోనే ఇవ్వడం మేలు.

జీరో_టికెట్:
పై మాటకు ఒక ముఖ్యమైన సంగతి కలుపుతున్నా. ఆ ట్రిప్పులో ఎంతమంది ఉన్నారో డిపోకు తెలిసేది టికెట్ మెషీను లెక్కతోనే. 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి ఆడపిల్లలకు పల్లె వెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో జీరో టికెట్ (డబ్బు తీసుకోకుండా కొట్టే టికెట్) ఇస్తున్నారు. ఆ టికెట్ల లెక్క మీదే ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు కడుతుంది. రద్దీలో పిల్లలు టికెట్ తీసుకోకుండా దిగిపోతే బస్సు కిక్కిరిసినా కాగితం మీద ఖాళీగానే కనబడుతుంది. తీసుకున్నా ఎక్కిన స్టేజి నుంచే కొట్టించుకోవాలి. రెండు స్టేజీలు దాటాక కొడితే మీ ఊళ్లో ఎవరూ ఎక్కనట్టే.

జీరో టికెట్ కోసం చూపే ఆధార్ దగ్గర ఇంకో చిక్కు. చిన్నప్పటి ఫొటో ఉంటే కండక్టరు పోల్చుకోలేక గొడవవుతుంది. 5 ఏళ్లకు, 15 ఏళ్లకు బయోమెట్రిక్ అప్‌డేట్ ఎలాగూ తప్పనిసరి, అప్పుడు ఫొటో కూడా మారుతుంది.

మగపిల్లలకు 12 ఏళ్ల లోపైతే 20 కిలోమీటర్ల దాకా ఉచిత పాస్, ఆపైన రాయితీ రూట్ పాస్. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాక బడి నుంచి ఆమోదం రావాలి, ఆ తర్వాతే బస్టాండు కౌంటరులో కార్డు ఇస్తారు. ఎక్కువగా ఆగిపోయేది బడి దగ్గరే. ఆర్టీసీ జాబితాలో బడి పేరు లేకపోవచ్చు, ఉన్నా ఆమోదించాల్సినవాళ్లు వచ్చిన దరఖాస్తులు తెరిచి చూడకపోవచ్చు. ఎక్కే స్టేజి పేరు కూడా జాగ్రత్తగా ఎంచుకోండి. పక్క స్టేజి పడితే ఆ మధ్య దూరానికి రోజూ టికెట్ కొనాలి.

పల్లెబడి_సార్:
బస్సు కుదిరేలోపు రవాణా భత్యం అడగండి. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడుల పథకం కింద ప్రాథమిక తరగతులకు 1 కిలోమీటరు, ప్రాథమికోన్నతకు 3, హైస్కూలుకు 5 కిలోమీటర్ల లోపు బడి లేని ఆవాసాల పిల్లలకు నెలకు 600 రూపాయల చొప్పున 10 నెలలు ఇస్తారు. హెడ్‌మాస్టరు మండల విద్యాధికారి ద్వారా జాబితా పంపాలి. దగ్గర్లో ప్రభుత్వ బడి ఉండగా దాన్ని దాటి వచ్చే పిల్లలకు రాదు. డబ్బు ఆలస్యంగా పడుతుంది, ఖాతా వాడుకలో లేకపోతే వెనక్కి పోతుంది. అందుకే జాబితా పంపే ముందే పాసు పుస్తకాలు చూసుకోండి.

బడి_కమిటీ_అమ్మ:
చాలా థాంక్స్ సార్. 5:30 బస్సు తీసేసి 4:30కి వేయమని రాయొచ్చా? డిపో వాళ్లు మళ్లీ పట్టించుకోకపోతే?

ట్రాఫిక్_సెక్షన్:
తీసేయమని మాత్రం రాయకండి అమ్మా. పదో తరగతికి సాయంత్రం స్పెషల్ క్లాసులు మొదలైతే ఆ పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఆ 5:30 బస్సే దిక్కు. దాన్ని ఉంచి, మధ్యాహ్నం ట్రిప్పుల్లో ఒకదాన్ని జరపమనండి. మార్చిలో ఒంటిపూట బడులు మొదలైతే 8కి చేరి 12:30కి బయటికి వస్తారు, ఆ నెలల టైము కూడా అదే కాగితంలో విడిగా అడగండి.

మూడు వారాలు చూసి, డిపో మేనేజరు (డీఎం) ఫోన్‌లో జనం ఫిర్యాదులు వినే "డయల్ యువర్ డీఎం" పెట్టే రోజున ఫోన్ చేయండి. అదీ కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇవ్వండి. ముద్ర ఉన్న కాపీ జతచేస్తే "మాకు రాలేదు" అనే మాట రాదు. ఇంకొకటి, బడి నుంచి బస్టాండుకు పిల్లల నడక ఎన్ని నిమిషాలో కొలిచి రాయండి. 4:15కి బెల్లు కొట్టి, నడక 15 నిమిషాలైతే 4:30 బస్సు కళ్లముందే వెళ్లిపోతుంది, 4:40 అని అడగాలి.