వైజాగ్‌లో పైథాన్ యూజర్ గ్రూప్: ఒక్కడినే మిగిలాను, ఎలా నడపాలి?

గాజువాక_గీక్:

నమస్తే అండీ అందరికీ. వైజాగ్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ వాడేవాళ్ల చిన్న గ్రూప్ ఒకటి నడుపుతున్నాం, నడుపుతున్నాం అని అలవాటుగా రాస్తున్నా గానీ ప్రస్తుతం నేనొక్కడినే. కోవిడ్ తగ్గాక నలుగురం కలిసి మొదలెట్టాం, ఒకతను పెళ్లయ్యాక హైదరాబాద్ వెళ్లిపోయాడు, ఒకమ్మాయికి బెంగళూరులో ఆఫర్ వచ్చింది, మూడో అతను ఊళ్లోనే ఉన్నాడు గానీ వాట్సాప్‌లో ఏం పెట్టినా బొటనవేలు ఎమోజీ తప్ప ఇంకేం రాదు. ఈ ఊరి సంగతి మీకు తెలిసిందే, కాస్త అనుభవం వచ్చినవాళ్లు రైలెక్కేస్తారు.

ఈవెంట్ పెడితే వస్తామని నొక్కేవాళ్లు బాగానే ఉంటారు, వచ్చేది అందులో సగం కూడా ఉండదు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది బీటెక్ పిల్లలు, మొదటి ప్రశ్నే "అన్నా సర్టిఫికెట్ ఇస్తారా" అని, లేదంటే మళ్లీ నెల కనపడరు. ఉద్యోగాలు చేసేవాళ్లని పిలిస్తే "శనివారం ఒక్కటే కదా బ్రో దొరికేది" అంటారు, అదీ నిజమే. స్పీకర్లేమో హైదరాబాద్ నుంచి ఆన్‌లైన్‌లో చెప్తామంటారు, హాల్లో కూర్చుని జూమ్ చూడ్డానికి ఎవరొస్తారు చెప్పండి. పైగా ఈమధ్య కొత్త మాట ఒకటి, "డౌటొస్తే చాట్‌జీపీటీ చెప్తుంది కదా, మీటప్ దేనికి" అని.

ఇంతలో ఒక ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఫోన్ చేసి హాలు, టీ, సమోసా, టీషర్టులు అన్నీ మావే, రిజిస్టర్ అయినవాళ్ల ఫోన్ నంబర్లు మాత్రం ఎక్సెల్‌లో ఇస్తే చాలన్నారు. కుదరదని చెప్పేశా. కానీ హాలు అద్దె నా జేబులోంచే పోతోంది, ఇంట్లో కూడా నీకేంటి లాభం అని అడుగుతున్నారు, ఏం చెప్పాలో తెలీట్లేదు.

అడిగేదేంటంటే, మీ ఊళ్లలో ఇలాంటి గ్రూపులు ఎలా నిలబడ్డాయి? నెలనెలా పెట్టాలా, రెండు మూడు నెలలకోసారి పెద్దగా పెట్టాలా? ఇంకో ఆర్గనైజర్‌ని ఎక్కడ పట్టుకోవాలి? సొసైటీగా రిజిస్టర్ చేయిస్తే డబ్బులేమైనా వస్తాయా?

కూకట్‌పల్లి_కమిట్:

అన్నా, ముందుగాల ఆ నంబర్లు ఇయ్యకపోవుడు మంచి పని చేసినవ్. ఒక్కసారి లిస్ట్ బయటికి పోయిందంటే పొద్దుమాపు డేటా సైన్స్ కోర్సు అని కాల్స్ పోతయ్, ఆ కోపం నీ గ్రూప్ మీదనే తీస్తరు. 2023ల డేటా ప్రొటెక్షన్ చట్టం గూడ వచ్చింది, ఒక పనికని తీస్కున్న నంబర్‌ను అడగకుంట ఇంకొకనికి ఇచ్చుడు దానికి పూర్తిగ ఉల్టా.

ఇగ నీ ప్రశ్నకొస్తే, నెలనెలా పెట్టు, చిన్నగ పెట్టు. నేను హైదరాబాద్‌ల వాలంటీర్‌గ తిరిగినోణ్ణి, పెద్ద ఈవెంట్ చేసి గ్రూప్ పుట్టిద్దామంటే కాదు, గ్రూప్ ఉంటేనే పెద్ద ఈవెంట్ అయితది. బెంగళూరుల బ్యాంగ్‌పైపర్స్ అనే పైథాన్ గ్రూప్ 2005 నుంచి ఉన్నది, మొదటి పైకాన్ ఇండియా, అంటే దేశం మొత్తానికి జరిగే పైథాన్ కాన్ఫరెన్స్, గదే ఊర్ల 2009ల అయింది, అంటే అప్పటికే ఏండ్ల సంది మెయిలింగ్ లిస్ట్‌ల కొట్లాడుకుంట, చాయ్ తాగుకుంట ఉన్న మంది ఉన్నరు. మన హైదరాబాద్‌కు 2018ల ఒకసారి, 2023ల మల్లొకసారి పైకాన్ ఇండియా వచ్చింది గద, డెస్క్ కాడ బ్యాడ్జీలు పంచినోళ్లు, స్పీకర్‌ను స్టేజ్ దాక తీస్కపోయినోళ్లు ఒక్కరోజుల తయారుగాలె, నెలనెలా మీటప్‌లల్ల కుర్చీలు సర్దినోళ్లే చానా మంది.

తారీఖు మాత్రం మార్చకు. నెలల మూడో శనివారం అంటే మూడో శనివారమే, నలుగురొస్తే నలుగురితోనే. స్పీకర్ దొరకలేదని క్యాన్సిల్ చేస్తే ఇగ మల్ల లేస్తదన్న నమ్మకం ఉండదు.

స్పీకర్ లేకపోతే లైట్నింగ్ టాక్స్ పెట్టు, మనిషికి 5 నిమిషాలు, స్లైడ్లు అక్కర్లే, ఈ నెల ఆఫీసుల ఏం బగ్ పట్టినవో చెప్పు అంతే. మా దగ్గర ఒకాయన చెప్పిండు, బిల్లు వేసే ఫంక్షన్‌ల డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్‌గ, అంటే ఏం ఇయ్యకుంటే అదే వాడుకునే విలువగ, ఖాళీ లిస్ట్ పెట్టిండంట, అది ప్రతి కాల్‌కు కొత్తగ పుడతదనుకున్నడు, కానీ పైథాన్‌ల అది ఫంక్షన్ డిఫైన్ అయినప్పుడు ఒక్కసారే పుడతది, ఇగ చూస్కో ముందు కస్టమర్ తిన్న బిర్యానీ వెనుక కస్టమర్ బిల్లుల ఎక్కుతున్నది. రూమ్ మొత్తం నవ్వుడే నవ్వుడు, ఎందుకంటే సగం మంది గా దెబ్బ తిన్నోళ్లే. రూల్ అయితే చాట్‌జీపీటీ చెప్తది తియ్, ఈ బిర్యానీ కథ యాడ దొరుకుతది?

ఇంకో ఆర్గనైజర్ గురించి: "ఆర్గనైజర్‌గ వస్తవా" అని అడిగితే ఉరుకుతరు. "వచ్చే నెల హెచ్‌డీఎంఐ కేబుల్, టైప్ సీ కన్వర్టర్ నువ్వు తేవాలె తమ్మీ" అను. రెండు మూడు నెలలు మరువకుంట తెచ్చిండంటే వాడే నీ ఆర్గనైజర్.

పైచార్మ్_పిన్ని:

నాదీ వైజాగే. మీ మీటప్‌కి ఒకసారి వచ్చాను కూడా, పేరు చెప్తే గుర్తుపడతారు కాబట్టి చెప్పను. ఏమీ అనుకోకండి గానీ రుషికొండలో సాయంత్రం పెట్టారు చూడండి, అక్కడే సగం మంది తగ్గిపోయుంటారు. గాజువాక నుంచి రుషికొండ అంటే ఊరు ఆ చివర నుంచి ఈ చివరకి, అయిపోయేసరికి చీకటి పడిపోయింది, కొండ దిగి వచ్చాక ఆటోవాడు చెప్పిన రేటు వింటే మీ కాన్ఫరెన్స్ టికెట్‌లా ఉంది. హాల్లో ఆడవాళ్లం ఇద్దరమే, ఆ రెండో అమ్మాయి టీ బ్రేక్‌లోనే వెళ్లిపోయింది. ఎందుకెళ్లిపోయిందో ఎవరైనా అడిగారా?

పొద్దున పదింటికి పెట్టండి, ద్వారకానగరో ఆసిల్‌మెట్టో ఆర్టీసీ కాంప్లెక్స్‌కి దగ్గర్లో పెట్టండి, భోజనం వేళకి ఎవరింటికి వాళ్లు చేరిపోవాలి. రాత్రి ఎలా వస్తావని ఇంట్లో అడిగేవాళ్లుండే అమ్మాయిలందరికీ ఈ ఒక్క మార్పుతో దారి తెరుచుకుంటుంది.

ఇంకోటి కోడ్ ఆఫ్ కండక్ట్, అంటే మీటప్‌లో ఎవరు ఎలా నడుచుకోవాలో చెప్పే నియమాలు. వెబ్‌సైట్‌లో ఇంగ్లీషులో ఒక పేజీ కాపీ చేసి పడేయడం కాదండీ, ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలి, ఆ నంబరేంటి, ఆ ఫోన్ ఎత్తేది ఎవరు అన్నది మొదటి రెండు నిమిషాల్లో మైకులో చెప్పాలి. ఇద్దరుండాలి, అందులో ఒకరు ఆడమనిషి అయితే మంచిది, ఎందుకంటే కంప్లయింట్ ఆర్గనైజర్ మీదే అయితే ఎవరికి చెప్పుకుంటారు?

పిల్లల మీద అంత విసుగొద్దు. కాలేజీలో ప్రతిదానికీ ప్రూఫ్ అడుగుతుంటే వాళ్లేం చేస్తారు పాపం. సర్టిఫికెట్ ఇవ్వండి, కానీ వచ్చి కూర్చున్నందుకు కాదు, లైట్నింగ్ టాక్ ఇచ్చినవాళ్లకో, ఏదైనా ఓపెన్‌సోర్స్ ప్రాజెక్ట్ డాక్యుమెంటేషన్‌లో ఒక తప్పు దిద్ది పుల్ రిక్వెస్ట్ (ఈ మార్పు కలుపుకోండి అనే అభ్యర్థన) పంపినవాళ్లకో ఇవ్వండి. సగం మంది మానేస్తారు, మిగిలిన సగంలోంచే మీ మనుషులు వస్తారు.

ప్రింట్_బ్రాకెట్_లేదు:

నేను వేరేగా చెప్తా, కోపం తెచ్చుకోకండి. ఆపేయండి. ఆర్నెల్లు ఆపేస్తున్నాం అని పోస్ట్ పెట్టి హాయిగా నిద్రపోండి. ఫ్రీగా చేసే పనికి ఇంట్లో మాట పడుతూ, జేబులోంచి డబ్బు పెడుతూ ఎంతకాలం లాగుతారు, ఇలా లాగిలాగి చివరికి పైథాన్ పేరు వింటేనే చిరాకు పుట్టి వెళ్లిపోయినవాళ్లని చూశాను. పైథాన్ పాత వెర్షన్ పైథాన్ 2 అంతటిదానికే 2020 జనవరి 1న సెలవిచ్చేశారు, మీ మీటప్‌కి ఇవ్వడానికేంటి. నిజంగా కావాలనుకునేవాళ్లుంటే వాళ్లే వచ్చి "మళ్లీ ఎప్పుడు" అని అడుగుతారు, ఎవరూ అడగకపోతే మీకు జవాబు దొరికినట్టే కదా.

పైచార్మ్_పిన్ని:

@ప్రింట్_బ్రాకెట్_లేదు ఆపడం వరకూ ఒప్పుకుంటా, ఎవరూ అడగకపోతే అవసరం లేదన్నట్టే అన్నది మాత్రం ఒప్పుకోను. ఈ ఊళ్లో ఎవరూ అడగరండీ, ఎవరో ఒకరు పెడితే వస్తారు. ఆపేముందు గ్రూప్ అకౌంట్ పాస్‌వర్డ్‌లు, మీటప్ పేజీ అడ్మిన్ హక్కులు ఇంకో ఇద్దరికి ఇచ్చి ఆపండి, లేకపోతే రేపెవరైనా లేపుదామన్నా తాళం ఒక్కరి జేబులోనే ఉంటుంది.

లెడ్జర్_లింగం:

డబ్బు విషయం నేను చెప్తా. సొసైటీ రిజిస్ట్రేషన్ ఇప్పుడే వద్దు. 2001 సొసైటీల చట్టం ప్రకారం కనీసం 7 మంది ఉండాలి, మీరేమో ఒక్కరు. సరే ఎలాగో ఏడు సంతకాలు పెట్టించారే అనుకోండి, తర్వాత ఏటేటా మీటింగులు, లెక్కలు, రిజిస్ట్రార్‌కి కాగితాలు, ఇదంతా ఎవరు చేస్తారు? మళ్లీ మీరే.

పైథాన్ బాగోగులు చూసే సంస్థ పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఇచ్చే గ్రాంట్ సంగతి కూడా చాలామంది అడుగుతుంటారు. కోడ్ ఆఫ్ కండక్ట్ లేని ఈవెంట్‌కి వాళ్లు ఇవ్వరు, పిన్నిగారు చెప్పింది అందుకు కూడా పనికొస్తుంది. అయితే 2025 ఆగస్టులో ఆ ఏటి బడ్జెట్ ముందే అయిపోయిందని గ్రాంట్స్ ఆపారు, కాబట్టి దాన్ని నమ్ముకుని హాల్ బుక్ చేయకండి, ఇప్పుడెలా ఉందో వాళ్ల సైట్‌లో చూసుకోండి. ఇంకో చిక్కు, విదేశాల నుంచి విరాళం సంస్థ ఖాతాలో తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి కావాలి, "మా ఫ్రెండ్ అకౌంట్‌లో వేయించుకుందాం" అనే ఐడియాలు అస్సలు వద్దు.

మీకు కావలసింది డబ్బు కాదు, హాలు. ఏదైనా కంపెనీ వాళ్ల ఆఫీసులో శనివారం ఖాళీగా ఉండే ట్రైనింగ్ రూమ్ అడగండి, టీ బిల్లు వాళ్లనే నేరుగా కట్టుకోమనండి, మీ చేతికి రూపాయి కూడా రానివ్వకండి. డబ్బు చేతికి రాకపోతే లెక్క చెప్పాల్సిన పనీ లేదు, ఎవడో ఎక్కడో "వాడు తినేస్తున్నాడు" అనే పనీ లేదు. బదులుగా మొదట్లో 5 నిమిషాలు మా కంపెనీలో ఖాళీలున్నాయి అని చెప్పుకోనివ్వండి, అంతకు మించి వద్దు.

పెన్‌డ్రైవ్_బాబాయ్:

రాజమండ్రి నుంచి. అందరూ మంచి మాటలే చెప్పారు గానీ వర్క్‌షాప్ రోజు గంట ఎక్కడ కరిగిపోతుందో ఎవరూ చెప్పలేదు. ఇన్‌స్టాలేషన్‌లో! విండోస్‌లో పైథాన్ అని టైప్ చేస్తే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది, పిల్లలు మొహమొహాలు చూసుకుంటారు. లేదా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కింద పాత్‌కి (కమాండ్ కోసం కంప్యూటర్ వెతికే చోట్ల లిస్ట్‌కి) యాడ్ చేయమనే టిక్కు పెట్టరు, ఇక "నాట్ రికగ్నైజ్డ్" అని వస్తుంది. అది ఒక్కొక్క లాప్‌టాప్ దగ్గరికీ వెళ్లి సరిచేసేలోపు స్పీకర్ గారు ఫోన్ చూసుకుంటూ ఉంటారు.

తర్వాత వైఫై. అందరూ ఒకేసారి పాండాస్ అనే పైథాన్ ప్యాకేజీ డౌన్‌లోడ్ కొడితే ఏ వైఫై తట్టుకుంటుంది? ముందురోజు రాత్రే పిప్ డౌన్‌లోడ్ కమాండ్‌తో కావలసిన ప్యాకేజీల వీల్ ఫైల్స్ (ఇన్‌స్టాల్‌కి సిద్ధంగా ఉండే ఫైళ్లు) అన్నీ ఒక ఫోల్డర్‌లోకి దించుకుని నాలుగైదు పెన్‌డ్రైవ్‌లలో వేసుకోండి, హాల్లో నో-ఇండెక్స్, ఫైండ్-లింక్స్ ఆప్షన్లతో ఇన్‌స్టాల్ చేయిస్తే నెట్ అక్కర్లేదు. ఒక్కటి చూసుకోండి, నంపై లాంటివాటి వీల్స్ విండోస్‌కి వేరు, మ్యాక్‌కి వేరు, పైథాన్ వెర్షన్ మారితే మళ్లీ వేరు, అందుకని పైథాన్ ఇన్‌స్టాలర్ కూడా అదే పెన్‌డ్రైవ్‌లో పెట్టి అందరి చేతా ఒకే వెర్షన్ వేయించండి. పెన్‌డ్రైవ్‌లు తిరిగి రావు, అది మాత్రం ముందే మనసులో పెట్టుకోండి.

గాజువాక_గీక్:

అందరికీ చాలా థాంక్స్, ఇంతమంది రాస్తారనుకోలేదు. పిన్నిగారూ, ఆ రెండో అమ్మాయిని ఎవరూ అడగలేదండీ, ఇక నుంచి మొదట చూసేది అదే. రిజిస్ట్రేషన్ ఐడియా వదిలేశా. ఆపడం గురించి కూడా ఆలోచించా, ముందు మూడు నెలలు చిన్నగా చేసి చూస్తా, అప్పటికీ నేనొక్కడినే అయితే ఆపేస్తున్నామని పోస్ట్ పెడతా. బొటనవేలు ఎమోజీ అతనికి ఫోన్ చేసి అడ్మిన్ హక్కులు సగం ఇచ్చేశా, కేబుల్ కూడా వాడే తేవాలని చెప్పా, సరే అన్నాడు, ఈసారి నోటితోనే.

వచ్చే మూడో శనివారం పొద్దున 10 గంటలకి, ద్వారకానగర్‌లో తెలిసినవాళ్ల ఆఫీసు ఇస్తామన్నారు. లైట్నింగ్ టాక్స్ మాత్రమే. ఎవరైనా పేరిస్తారా?

పైచార్మ్_పిన్ని:

నా పేరు రాసుకోండి. టైమ్‌జోన్ వల్ల మా పేరోల్ సిస్టమ్‌లో ఒకే రోజు రెండుసార్లు జీతం పడిన కథ ఉంది, 5 నిమిషాల్లో అవ్వదు గానీ చూద్దాం. మైకు దగ్గర కోడ్ ఆఫ్ కండక్ట్ కూడా నేనే చెప్తా, రెండో నంబర్ కింద నాది వేసుకోండి.