కాంట్రాస్ట్ ఈయూఎస్ (ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్): జీర్ణాశయ గడ్డ మెరిసి వెంటనే మాయమవుతోంది

ప్రశ్న: జీర్ణాశయం నాలుగో పొరలో (కండర పొర) 25 మి.మీ. హైపోఎకోయిక్ (స్కాన్‌లో నల్లగా కనిపించే) గడ్డ. జిస్టా (క్యాన్సర్‌గా మారగల గడ్డ), లియోమయోమానా (ప్రమాదం లేని కండర గడ్డ) చూద్దామని సోనోవ్యూ (సూక్ష్మ గ్యాస్ బుడగల కాంట్రాస్ట్ మందు) ఇస్తే, కాస్త మెరిసి మాయమైంది. లోపం మందుదా, సెట్టింగ్‌దా?

జవాబు: ముందు మెకానికల్ ఇండెక్స్ (అల్ట్రాసౌండ్ తరంగాల ఒత్తిడిని చెప్పే అంకె) చూడండి సార్. మామూలు బీ-మోడ్ (నలుపు-తెలుపు స్కాన్) విలువే ఉంటే బుడగలు పగిలిపోతాయి. హార్మోనిక్ మోడ్‌లో (బుడగల సంకేతాన్ని విడిగా చూపే మోడ్) 0.2–0.3 దగ్గర పెట్టండి. గడ్డతోపాటు పక్క గోడ కూడా ఫ్రేములో ఉండాలి, లేకపోతే దేనితో పోలుస్తారు?

జవాబు: కలపడం కూడా చూసుకోవాలండి. మందు పొడి ఉన్న సీసాలో 5 మి.లీ. సెలైన్ పోసి 20 సెకన్లు గట్టిగా ఊపాలి. పక్కన పెడితే బుడగలు పైకి తేలతాయి, సిరంజిలోకి లాగే ముందు మళ్ళీ ఊపండి. కాన్యులా 20 గేజ్‌కి సన్నగా వద్దు. మందు వెనకే సెలైన్ ఫ్లష్. రికార్డింగ్ ఇంజెక్షన్‌కి ముందే మొదలవ్వాలి, ఆర్టీరియల్ ఫేజ్ (మందు ధమనుల గుండా గడ్డకు చేరే దశ) 10–30 సెకన్లలో అయిపోతుంది.

ప్రశ్న: బాగా వెలిగితే జిస్ట్ అని రాసేయొచ్చా?

జవాబు: వద్దు. జిస్ట్ సాధారణంగా వెలుగుతుంది, లియోమయోమా, లైపోమా (కొవ్వు గడ్డ) మసకగా ఉంటాయి. కానీ ష్వానోమా (నరాల తొడుగు గడ్డ) కూడా వెలగొచ్చు. వంకరటింకర రక్తనాళాలు, మధ్యలో నల్లటి ఖాళీలు ఉంటే ప్రమాదకర జిస్ట్‌ను అనుమానించాలి. బయాప్సీ సూది ఆ ఖాళీల్లోకి కాదు, వెలిగిన భాగంలోకి వెళ్ళాలి; ఖాళీలో దొరికేది చచ్చిన కణజాలమే. తేల్చేది బయాప్సీ ముక్కపై చేసే కిట్, డాగ్1, డెస్మిన్, ఎస్100 స్టెయిన్లు (కణాల్లోని ప్రోటీన్లను గుర్తించే రంగు పరీక్షలు).