టీవీలో చూసిన పాఠాన్ని ఇంట్లో చేయించడం ఎలా?

ప్రశ్న: మా అయిదేళ్ల పాప విద్యా కార్యక్రమాలను కదలకుండా చూస్తుంది కానీ, ఏమి తెలుసుకున్నావని అడిగితే అందులోని పాట తప్ప మరేమీ చెప్పలేకపోతోంది. చూసినదాన్ని చేతులతో చేయించి నేర్పడంలో అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరా?

మొదటి జవాబు: ముందుగా మీరూ పక్కన కూర్చొని చూడండి. తేలే, మునిగే వస్తువుల గురించి వస్తే, కార్యక్రమాన్ని అక్కడే ఆపి, క్లే ముద్దను (నీళ్లలో కరగని రకం) నీటిలో వేస్తే ఏమవుతుందో పాపనే ఊహించి చెప్పమనండి. ముద్ద మునుగుతుంది, అదే క్లేను పలుచని గిన్నెలా మలిస్తే, తన బరువుకు సమానమైన నీటిని పక్కకు నెట్టగలుగుతుంది కాబట్టి తేలుతుంది. మా అబ్బాయి నమ్మకం కుదరక ఆరుసార్లు చేశాడు. నేల తుడవడం నా వంతయింది.

రెండవ జవాబు: నేనూ ఏకీభవిస్తాను, అయితే ఒక కార్యక్రమానికి ఒక ప్రయోగం చాలు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు తెర సమయం రోజుకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. మీ పాప ఆ వయసు దాటినా, అంతకు మించి చూపించవలసిన అవసరం నాకు కనిపించదు.

ప్రశ్న అడిగినవారు: నిన్న ప్రయత్నించాను. ఇనుప ఓడ ఎందుకు మునగదని పాప తనంతట తానే అడిగింది.